తెల్లారగట్ల మంచుని శాటిలైట్ బొమ్మలో పట్టుకోవడం, కొలవడం ఎలా (శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళ కోసం)

డిసెంబర్ వచ్చిందంటే చాలు, ఇవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తాయి. నరసన్నపేట దగ్గర హైవే మీద మంచు ఎంత దూరం పరుచుకుందో శాటిలైట్‌లో తెలుస్తుందా అని ట్రావెల్స్ వాళ్ళు, ఉద్దానంలో జీడి పూత మీద మంచు ఎన్నింటికి విడుస్తుందో చూడొచ్చా అని రైతులు, ఫాగ్ మ్యాప్ ప్రాజెక్టుకి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి సార్ అని కాలేజీ పిల్లలు. ఒక్కొక్కరికీ విడివిడిగా టైపు చేసేకంటే అంతా ఒక్కచోట పెట్టేస్తే నయం కదా అని ఇది రాస్తున్నా.

మొదలెట్టే ముందు ఒక్క విషయం ఒప్పేసుకోండి. శాటిలైట్‌కి మంచు నెత్తి కనపడుతుంది గానీ పాదాలు కనపడవు. కింద రోడ్డు మీద ఎన్ని మీటర్ల దూరం కనపడుతోందో దానికి తెలీదు. బొమ్మ చూసి మనం ధైర్యంగా చెప్పగలిగేది ఎన్ని చదరపు కిలోమీటర్లు కమ్మింది, ఎన్ని గంటలు ఉంది, ఎప్పుడు విడిచింది, కాస్త కష్టపడితే ఎంత మందంగా ఉంది, ఇంతే. "శాటిలైట్ ప్రకారం విజిబిలిటీ 80 మీటర్లు" అని ఎవరైనా పోస్టు పెడితే ఆ 80 ఎక్కడిదో అడగండి. మీటర్లు నేల మీంచే రావాలి, అది ఎలాగో 8వ స్టెప్పులో ఉంది.

వాతావరణ శాఖ లెక్కలో విజిబిలిటీ 1000 మీటర్ల కంటే తగ్గితేనే ఫాగ్. 500 నుంచి 1000 దాకా తేలికపాటిది, 200 నుంచి 500 మధ్యస్థం, 50 నుంచి 200 దట్టం, 50 లోపు అతి దట్టం. వెయ్యికి పైన ఉంటే అది ఉత్త మసక, మనం ఎంత మంచు అనుకున్నా సరే.

ఏమేం కావాలి

డబ్బులు పెట్టేది ఏదీ లేదు. నెట్ ఉన్న కంప్యూటర్ కావాలి (ఫోన్‌తో మొదటి నాలుగు స్టెప్పుల దాకా లాగొచ్చు). వాతావరణ శాఖ వాళ్ళ రాపిడ్ వెబ్‌సైటు, ఇది లాగిన్ లేకుండానే తెరుచుకుంటుంది, ఇవాళ్టి మంచుకి ఇదే. పాత రోజుల డేటా కావాలంటే అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ (ఇస్రోది) వాళ్ళ మోస్‌డాక్ వెబ్‌సైట్లో ఉచితంగా రిజిస్టర్ అయ్యి ఆర్డర్ పెట్టుకోవాలి. పటాలకి క్యూజిఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్. పైథాన్ వచ్చిన వాళ్ళకి శాట్‌పై అనే లైబ్రరీ, ఇన్‌శాట్ (మన వాతావరణ ఉపగ్రహం) లెవెల్ 1బీ ఫైళ్ళు, అంటే శాటిలైట్ కొలిచిన అంకెలున్న ఫైళ్ళు, చదివే రీడర్ అందులో రెడీగా ఉంది. కొండల ఎత్తులకి ఎస్‌ఆర్‌టీఎం డేటా (అంతరిక్షం నుంచి రాడార్‌తో తీసిన నేల ఎత్తుల పటం), 30 మీటర్లకో గడి ఉన్నది. ఇంకా నేల మీద కళ్ళు కావాలి, అంటే తెల్లారగట్ల లేచే స్నేహితులు నలుగురైదుగురు, ఒకళ్ళు ఆమదాలవలస, ఒకళ్ళు పలాస, ఒకళ్ళు రాజాం, ఒకళ్ళు భోగాపురం అలాగన్నమాట. ఈ ఆఖరిది లేకపోతే మిగతావన్నీ ఉన్నా మీ పని సగమే.

ఏ శాటిలైట్ అన్న గొడవ కూడా ఇక్కడే తేల్చేద్దాం. మనకి ఇన్‌శాట్-3డీఎస్, ఇన్‌శాట్-3డీఆర్ ఉన్నాయి. 3డీఎస్ 2024 ఫిబ్రవరి 17న పైకెళ్ళింది, 82 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద కూర్చుంటుంది, విజయనగరం 83.4 దగ్గర ఉంది కాబట్టి మనకి దాదాపు నెత్తి మీదే. 3డీఆర్ 74 డిగ్రీల దగ్గర. ఒక్కోటి అరగంటకో బొమ్మ ఇస్తుంది, రెండూ కలిపి చూస్తే పావుగంటకి ఒకటి పడుతుంది. జపాన్ వాళ్ళ హిమవారి-9 పది నిమిషాలకో బొమ్మ, అదీ 2 కిలోమీటర్ల పిక్సెల్‌తో (పిక్సెల్ అంటే బొమ్మలో ఒక గడి) ఇస్తుందని చాలామంది అటు పరిగెడతారు గానీ అది 140.7 డిగ్రీల దగ్గర ఉంది, మన జిల్లాలు దానికి భూమి అంచున పడతాయి, ఏటవాలుగా చూస్తుంది, పిక్సెల్ సాగిపోతుంది, కొండల అవతల సన్న లోయలు మూసుకుపోతాయి. కాబట్టి మనకి ఇన్‌శాటే మేలు. 4 కిలోమీటర్ల పిక్సెల్ పెద్దదే, కాదనను, కానీ తిన్నగా చూస్తుంది.

1. ముందు టైము సరిచేసుకోండి

నాకు వచ్చే "మంచు కనపడట్లేదు" ఫిర్యాదుల్లో ఎక్కువ శాతం ఇక్కడే తేలిపోతాయి. శాటిలైట్ ఫైళ్ళన్నీ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకే గడియారం టైములో ఉంటాయి, మన టైము దానికి 5:30 గంటలు ముందు. అంటే 15వ తారీఖు తెల్లవారుజామున 4 గంటల మంచు చూడాలంటే మీరు తెరవాల్సింది 14వ తారీఖు 2230 ఫైలు. 15వ తారీఖు 0000 ఫైలు అంటే మనకి పొద్దున్న 5:30. 15వ తారీఖు 0400 తెరిస్తే అది పొద్దున్న 9:30 బొమ్మ, ఎండ కాసేస్తుంటుంది, మంచు ఎక్కడుంటుంది పాపం. రాపిడ్‌లో కూడా బొమ్మ మీద రాసున్న టైము ఒకసారి చూసి మొదలెట్టండి.

2. ఏ గంటకి ఏ పద్ధతి

రాత్రి నుంచి తెల్లవారుజాము 6 దాకా ఒక పద్ధతి (3, 4, 5 స్టెప్పులు), 7:30 తరవాత వేరే పద్ధతి (6వ స్టెప్పు). మధ్యలో ఆ గంటన్నర గుడ్డి టైము. జనవరిలో శ్రీకాకుళంలో సూర్యుడు సుమారు 6:30కి వస్తాడు, ఆ వెలుతురు పడగానే రాత్రి లెక్క చెడిపోతుంది, వెలుతురు బొమ్మకేమో ఇంకా సరిపడా ఎండ ఉండదు. ఆ టైములో మ్యాపు ఖాళీగా వస్తే మంచు విడిచిపోయిందని రాసేయొద్దు, అసలు సరిగ్గా ఆ టైములోనే మన దగ్గర మంచు బాగా చిక్కబడేది.

3. నైట్ మైక్రోఫిజిక్స్ బొమ్మ తెరవండి

రాపిడ్‌లో ఇన్‌శాట్ ఎంచుకుని నైట్ మైక్రోఫిజిక్స్ అని ఉన్న బొమ్మ పెట్టండి. రంగులు ఇలా చదవాలి: మంచు, బాగా కింద ఉన్న నీటి మబ్బు లేత ఆకుపచ్చగా, కాస్త నీలం కలిసిన తెల్లపచ్చగా నున్నగా కనపడతాయి. మబ్బు లేని నేల గులాబీ ఊదా మధ్యలో. మందపాటి ఎత్తు మబ్బులు ముదురు ఎరుపు. పల్చటి ఎత్తు మబ్బులు నల్లటి నీలం.

మంచు దొరికే చోట్లు మన దగ్గర దాదాపు తెలిసినవే. వంశధార లోయ, అంటే గుణుపూర్ వైపు నుంచి హిరమండలం మీదుగా కళింగపట్నం దాకా, నాగావళి పక్కన తోటపల్లి నుంచి పాలకొండ మీదుగా ఆమదాలవలస దాకా, తాటిపూడి చుట్టుపక్కల పల్లం. ముందు రోజు వాన పడో, కాలవ నీళ్ళు వదిలో పొలాలు తడిగా ఉండి రాత్రి ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉంటే అక్కడ పచ్చ మచ్చ వెతకండి. ఫిబ్రవరి, మార్చిలో కథ కొంచెం మారుతుంది, సముద్రం మీంచి తేమ గాలి లోపలికి వచ్చి తీరం వెంబడి సోంపేట నుంచి పూసపాటిరేగ దాకా పట్టీలాగా పడుతుంది, దాంట్లో కొంత మంచు, కొంత కింద తేలే మబ్బు, విడదీయడం కష్టం, 7వ స్టెప్పు దానికే.

హెచ్చరిక: వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన రంగు బొమ్మ మీద కొలతలు తీయొద్దు. సైజు నలిగిపోయి ఉంటుంది, తారీఖు కత్తిరించేసి ఉంటుంది, పోయినేడాది బొమ్మ ఈ ఏడాది తిరగడం మామూలే.

రంగు చూడ్డం చాలు అనుకునేవాళ్ళు 7కి దూకేయండి. కొలవాలంటే 4 చదవాల్సిందే.

4. రెండు ఉష్ణోగ్రతల తేడా తీయండి

థియరీ రెండు ముక్కల్లో. సన్నటి నీటి చుక్కలు 3.9 మైక్రాన్ల తరంగాల దగ్గర (కంటికి కనపడని వేడి కిరణాలివి) 10.8 దగ్గర కంటే తక్కువ వేడి వెదజల్లుతాయి, అందుకని ఒకే మంచు ఎంఐఆర్ చానెల్లో (3.9ది) కొంచెం చల్లగా, టీఐఆర్1 చానెల్లో (10.8ది) కొంచెం వెచ్చగా కనపడుతుంది. మామూలు నేలకి ఈ తేడా దాదాపు ఉండదు. 1984లో బ్రిటన్ వాళ్ళు అమెరికా నోవా ఉపగ్రహాల డేటాతో దీన్ని చేసి చూపించారు, ఇవాళ్టికీ ప్రపంచమంతా రాత్రి మంచుకి వాడేది ఇదే.

కాబట్టి లెక్క: టీఐఆర్1 ఉష్ణోగ్రతలోంచి ఎంఐఆర్ ఉష్ణోగ్రత తీసేయండి. వచ్చింది తేడా.

ఉష్ణోగ్రత అన్న మాట గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే పిల్లలు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. మోస్‌డాక్ ఫైలు తెరిస్తే లోపల చానెల్ బొమ్మలో ఉండేది ఉష్ణోగ్రత కాదు, 0 నుంచి 1023 దాకా కౌంట్లు. అదే ఫైల్లో పక్కన ఆ చానెల్ పేరుతోనే టెంప్ అని ఒక పట్టిక ఉంటుంది, 1024 గడులది. పిక్సెల్ కౌంటు 612 అయితే ఆ పట్టికలో 612 నంబరు గడిలో ఉన్నదే ఆ పిక్సెల్ ఉష్ణోగ్రత, కెల్విన్‌లో. గడులు సున్నా నుంచి లెక్కపెట్టాలి సుమా, ఒకటి నుంచి కాదు. రెండు చానెళ్ళకీ ఇలా మార్చాకే తీసివేత. కౌంట్లు కౌంట్లు తీసేస్తే ఏదో రంగుల మ్యాపు వస్తుంది, అందంగా కూడా ఉంటుంది, దానికి అర్థం మాత్రం ఉండదు. శాట్‌పై వాడితే ఈ మార్పిడి అదే చేసిపెడుతుంది, చేత్తో చేసే ఓపిక లేకపోతే అదే వాడండి.

సరిగ్గా చేశారో లేదో ఇలా చూసుకోండి. మబ్బు లేని రాత్రి కళింగపట్నం ఎదురుగా సముద్రం మీద టీఐఆర్1 సుమారు 295 కెల్విన్ చుట్టుపక్కల రావాలి, అంటే దాదాపు 22 డిగ్రీలు. నేల దానికంటే చల్లగా రావాలి. 240 వచ్చిందా, లేదా సముద్రం నేల కంటే చల్లగా వచ్చిందా, మీ పట్టిక తప్పు ఎక్కింది, లేదా పైన మబ్బు ఉంది.

5. గీత ఎక్కడ గీయాలి

తేడా ఎంత ఉంటే మంచు అనాలి? పుస్తకాల్లో 2, 2.5 కెల్విన్ అని ఉంటుంది, దాంతో మొదలెట్టొచ్చు. కానీ అది ఎక్కడో లెక్కలు, మన నేల, మన తేమ వేరు. నా సలహా ఏటంటే, మంచు లేదని మీకు ఖాయంగా తెలిసిన తేట రాత్రులు కొన్ని తీసుకుని మీ జిల్లా అంతటా తేడా ఎంత ఉందో హిస్టోగ్రామ్ (ఏ తేడా ఎన్ని పిక్సెళ్ళకి వచ్చిందో చూపే స్తంభాల బొమ్మ) వేయండి, మంచు ఉందని నేల మీంచి ఖాయంగా తెలిసిన రాత్రులకీ అలాగే వేయండి, రెండు గుట్టలు విడిపోయే చోట గీత గీయండి. ఆ గీత మీది, ఆ శాటిలైట్‌ది. 3డీఆర్‌కి గీసింది 3డీఎస్‌కి కళ్ళు మూసుకుని వాడొద్దు, మళ్ళీ చూసుకోండి.

తేడా ఒక్కటే చాలదు, ఇంకో రెండు జల్లెళ్ళు పెట్టండి. ఒకటి, టీఐఆర్1 ఉష్ణోగ్రత: మన మైదానంలో చలికాలం తెల్లవారుజామున మంచు నెత్తి సుమారు 283 నుంచి 293 కెల్విన్ మధ్యలో ఉంటుంది, దీనికి బాగా కిందకి పడిపోతే అది పైనున్న మబ్బు. రెండు, నున్నదనం: 3 బై 3 పిక్సెళ్ళలో ఉష్ణోగ్రత పెద్దగా ఎగుడుదిగుడు ఉండకూడదు, మంచు నెత్తి చదునుగా ఉంటుంది, మబ్బు గుట్టలు గుట్టలుగా ఉంటుంది. కొండ అంచుల్లో మాత్రం ఈ రెండో జల్లెడ అసలు మంచుని కూడా తీసేస్తుంది, ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు చూసేటప్పుడు కాస్త వదులు చేసుకోండి.

ఇక్కడ దొరికే దొంగ మంచులు:

తీరం వెంబడి సన్నటి గీతలాగా మంచు వచ్చిందా? రెండు చానెళ్ళూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోలేదు. ఒక పిక్సెల్ జరిగితే చాలు, వెచ్చటి సముద్రం చల్లటి నేల మీద పడి తేడా పుట్టేస్తుంది. భీమిలి, కళింగపట్నం దగ్గర తీరం మలుపులు బొమ్మలోనూ మ్యాపులోనూ కలుస్తున్నాయో లేదో పోల్చి, జరిగి ఉంటే సరిచేయండి. కుదరకపోతే తీరం మీద ఒక పిక్సెల్ వరస తీసి పక్కన పెట్టేయండి.

పైన పల్చటి ఎత్తు మబ్బు ఉంటే దానికి కింద మంచు ఉన్నా తేడా అటుదిటు అయిపోయి మైనస్ వచ్చేస్తుంది. అక్కడ "మంచు లేదు" అని కాదు, "తెలీదు" అని రాయండి. మ్యాపులో మూడో రంగు పెట్టండి దానికి. ఈ పల్చటి మబ్బుని పట్టాలంటే టీఐఆర్1లోంచి టీఐఆర్2 (ఇంకో వేడి చానెల్) తీసి చూడండి, ఎక్కువ తేడా వచ్చిన చోట అదే.

పొలంలో మంటలు, ఫ్యాక్టరీ కొలుములు ఎంఐఆర్‌ని ఒక్కసారిగా పైకి లేపేస్తాయి, ఆ పిక్సెల్‌లో మంచు ఉన్నా మాయమైపోతుంది. చుట్టూ మంచు ఉండి మధ్యలో ఒక్క గడి ఖాళీ అంటే అదే అయ్యుండొచ్చు.

6. ఎండ వచ్చాక

7:30 నుంచి విజిబుల్ చానెల్ తెరవండి, ఇన్‌శాట్‌లో ఇది 1 కిలోమీటరు పిక్సెల్, రాత్రి దానికంటే ఎంతో వివరంగా ఉంటుంది. మంచు తెల్లగా, నున్నగా, లోయ ఆకారంలో పడుకుని ఉంటుంది. కొండలు దీవుల్లాగా పైకి తేలి కనపడతాయి. పొద్దున్న ఎండ వాలుగా ఉంటుంది కాబట్టి 7:30 బొమ్మ, 8:30 బొమ్మ మెరుపు నేరుగా పోల్చకూడదు, సూర్యుడు నడినెత్తి నుంచి ఎంత వాలుగా ఉన్నాడో ఆ కోణం కొసైన్‌తో భాగించాకే పోల్చండి.

మంచు విడిచే తీరు చూడండి: పెనం మీద నీళ్ళు ఆరినట్టు అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వస్తుంది. బొమ్మలో బాగా తెల్లగా ఉన్న చోటు మందంగా ఉన్నట్టు, అది ఆఖరున విడుస్తుంది. హైవే వాళ్ళకి పనికొచ్చే మాట ఇదే. 8 గంటల బొమ్మలో రణస్థలం దగ్గర మసకగా బూడిదరంగులో ఉండి నరసన్నపేట దగ్గర చిక్కటి తెలుపు ఉంటే, ముందు ఏది తేరుకుంటుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

పొగ, దుమ్ము మసక కూడా ఈ చానెల్లో కనపడుతుంది, కానీ బూడిద రంగులో ఉండి కింద నది, రోడ్డు వంటివి దాని గుండా కనపడతాయి, అంచు కూడా తెగినట్టు ఉండదు. మంచుకి అంచు తెగినట్టు ఉంటుంది.

నాసా వరల్డ్‌వ్యూ వెబ్‌సైట్లో ఇంకా స్పష్టమైన బొమ్మలు ఉంటాయి కదా అంటారు. ఉంటాయి, కానీ ఆ ఉపగ్రహాలు వచ్చే టైము చూడండి. సువోమి ఎన్‌పీపీ, నోవా-20, నోవా-21 మీదున్న వీర్స్ అనే కెమెరా మన మీదకి వచ్చేది అర్ధరాత్రి దాటాక సుమారు 1:30కి, మళ్ళీ మధ్యాహ్నం 1:30కి. మన మంచు 3కి మొదలై 9కి పోయే సరుకు, మధ్యలో అది రాదు. టెర్రా పొద్దున్న వస్తుంది, మంచు ఆలస్యంగా విడిచిన రోజుల్లో దాని 250 మీటర్ల బొమ్మ బంగారమే. పున్నమికి అటూ ఇటూ రోజుల్లో, మంచు అర్ధరాత్రి దాటగానే పట్టేసి ఉంటే, వీర్స్ డే నైట్ బ్యాండ్ (రాత్రి మసక వెలుతుర్ని కూడా పట్టే చానెల్) తప్పకుండా చూడండి, వెన్నెల్లో మంచు తెల్లగా మెరుస్తుంది, శ్రీకాకుళం టౌను లైట్లు చుక్కల్లాగా కాకుండా అలుక్కుపోయినట్టు ఉంటే వాటి మీద మంచో, మబ్బో ఉన్నట్టు.

7. మంచా, కింద తేలే మబ్బా?

అసలు పరీక్ష ఇదే, దీనికి టైము పెట్టండి. పైనుంచి రెండూ ఒకేలా ఉంటాయి, తేడా లెక్కకీ ఒకేలా దొరుకుతాయి. నేను నాలుగు రకాలుగా చూస్తాను, నమ్మకం ఎక్కువున్న వరసలో చెప్తున్నా.

కదలిక. వరసగా ఐదారు బొమ్మలు తిప్పి చూడండి. మంచు కదలదు, లోయకి అతుక్కుని పెరుగుతుంది, తరుగుతుంది. మబ్బు గాలితో జరుగుతుంది, దాని అంచు నది వంపుల్ని, కొండ పాదాల్ని పట్టించుకోదు.

ఆకారం. ఎత్తుల మ్యాపు కింద పెట్టండి. పచ్చ మచ్చ అంచు ఒకే ఎత్తు గీత వెంబడి నడిస్తే మంచు. కొండ ఎక్కి దిగేస్తే మబ్బు.

ఉష్ణోగ్రత. నేల మీద 17 డిగ్రీలు ఉండి టీఐఆర్1లో 15, 16 వస్తే అది నేలకి దగ్గరగా ఉన్నట్టే. 8 వస్తే అది పైన కిలోమీటరుకి తక్కువ కాని ఎత్తులో ఉన్న మబ్బు. తమాషా ఏంటంటే నేల కంటే వెచ్చటి మంచు కూడా దొరుకుతుంది, ఎందుకంటే ప్రశాంతమైన రాత్రి నేల బాగా చల్లబడి పైన గాలి వెచ్చగా ఉండిపోతుంది, మంచు నెత్తి ఆ వెచ్చటి పొరలోకి లేస్తుంది. "చుట్టూ నేల కంటే వెచ్చగా ఉంది కాబట్టి మంచు కాదు" అని తీసేయకండి.

బెలూన్. విశాఖపట్నం నుంచి పొద్దున్న 5:30కి, అంటే 00 యూటీసీకి ఎగరేసే బెలూన్ డేటా వ్యోమింగ్ యూనివర్సిటీ సైట్లో దొరుకుతుంది. నేల దగ్గర గాలి ఉష్ణోగ్రత, డ్యూపాయింట్ (గాలిలో తేమ నీటి చుక్కగా మారే ఉష్ణోగ్రత) దాదాపు కలిసిపోయి, పైకి వెళ్ళేకొద్దీ ఉష్ణోగ్రత పెరుగుతూ, గాలి 5 నాట్ల లోపు ఉంటే మంచుకి అనుకూలం. నేల దగ్గర విడిగా ఉండి 500 మీటర్ల పైన కలిస్తే మబ్బు. వైజాగ్ ఒక్క చోటిది మాత్రమే అది, పలాసకి అప్పగించేయకండి.

ఇంకో మెలిక ఉంది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. ఎస్.కోట వాళ్ళకి పైన మబ్బు అనిపించేది ఘాట్ ఎక్కేవాళ్ళకి దట్టమైన మంచు. కాబట్టి "మంచా మబ్బా" అన్నదానికి ఎక్కడ నిలబడి అడుగుతున్నారో కూడా చెప్పాలి.

8. నేల మీద సరిచూసుకోండి

మీ స్నేహితుల్ని ఒక పని చేయమనండి. డాబా ఎక్కితే కనపడే గుర్తులు నాలుగు ఎంచుకోవాలి, ఎదురిల్లు, వాటర్ ట్యాంకు, సెల్ టవర్, దూరంగా గుడి గోపురమో కొండో, సుమారు 50, 200, 500, 1000 మీటర్ల దూరాల్లో. దూరాలు ఫోన్ మ్యాపులో ఒక్కసారి కొలుచుకుంటే చాలు. పొద్దున్న 4:30, 5:30, 6:30, 7:30కి ఏ గుర్తు దాకా కనపడిందో ఒక్క అంకె మెసేజ్ పెడితే చాలు. చీకట్లో గుర్తులకి బదులు లైట్లు చూస్తారు కదా, లైటు ఇంకొంచెం దూరం కనపడుతుంది, కాబట్టి చీకటి రీడింగు పక్కన "లైటు" అని రాయమనండి. ఫోటో వేస్ట్, ఫోన్ కెమెరా మంచుని దానికి నచ్చినట్టు తేటగా చేసేస్తుంది.

హైవే పక్కన బండి ఆపి చూడొద్దు. మంచులో ఆగిన బండిని వెనకొచ్చే లారీ వాడు చూడలేడు. డాబా మీంచే.

విశాఖ ఎయిర్‌పోర్టు రిపోర్టు, మెటార్ అంటారు, అది కూడా చూడండి, అందులో ఎఫ్‌జీ ఉంటే ఫాగ్, బీఆర్ అంటే మసక, హెచ్‌జెడ్ అంటే పొడి మసక, విజిబిలిటీ మీటర్లలో ఉంటుంది, టైము మళ్ళీ యూటీసీయే. కానీ శ్రీకాకుళానికి అది సుమారు వంద కిలోమీటర్లు. కళింగపట్నంలో వాతావరణ శాఖ కేంద్రం ఉంది, అది మనకి దగ్గర, కాకపోతే తీరం మీద ఉంది, లోపల లోయ సంగతి అది చెప్పదు.

తరవాత మార్కులు వేసుకోండి. ఉదాహరణకి 20 రాత్రులు చూశారనుకోండి, నేల మీద 8 రాత్రులు మంచు, మీ మ్యాపు అందులో 6 పట్టింది, 2 వదిలేసింది, మంచు లేని 3 రాత్రులకి ఉందని చెప్పింది. పట్టుకున్నది 8కి 6, అంటే 0.75. ఉందని చెప్పిన 9లో 3 ఉత్తివి, అంటే 0.33. 5వ స్టెప్పులో గీత పైకి జరిపితే ఉత్తివి తగ్గుతాయి, వదిలేసినవి పెరుగుతాయి. ఏది నష్టమో మీ పని బట్టి: బస్సులు నడిపేవాళ్ళు వదిలేయకూడదు, ప్రాజెక్టు వాళ్ళు రెండూ రాసి ఊరుకోవచ్చు. "తెలీదు" అని రంగు వేసిన రాత్రుల్ని ఈ లెక్కలో కలపొద్దు, విడిగా ఎన్నో చెప్పండి. అలాగే పొలం గట్టు మీద మోకాలెత్తు మంచు శాటిలైట్‌కి దొరకదు, దాన్ని వదిలేసినట్టు లెక్కేస్తే పాపం దాని తప్పు కాదు.

9. కొలతలు తీయండి

విస్తీర్ణం: మంచు అని తేలిన పిక్సెళ్ళు లెక్కపెట్టి ఒక్కో పిక్సెల్ వైశాల్యంతో గుణించండి. 4 కిలోమీటర్లది అయితే 16 చదరపు కిలోమీటర్లు, 42 పిక్సెళ్ళు ఉంటే 672. అంచు పిక్సెళ్ళలో సగం మంచు సగం ఖాళీ ఉంటుంది కాబట్టి 672 అని కాకుండా "650, 700 మధ్య" అనడం మర్యాద. చిన్న మచ్చలకి ఈ తప్పు ఇంకా పెద్దది, మూడు నాలుగు పిక్సెళ్ళ మంచుకి విస్తీర్ణం రాయనే రాయకండి.

లెక్కకి ముందు బొమ్మని యూటీఎమ్‌లోకి (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే మ్యాపు పద్ధతి) మార్చాలి. ఇక్కడ మన జిల్లాకి ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది. యూటీఎమ్ జోన్ 44, జోన్ 45 సరిహద్దు 84 డిగ్రీల దగ్గర, శ్రీకాకుళం టౌను 83.9, పలాస 84.4. జిల్లా రెండు జోన్ల మీద పడుతుంది. సగం ఒక జోన్‌లో సగం ఇంకో జోన్‌లో చేసి తరవాత కలిపితే ముక్కలు ఎక్కడెక్కడో పడతాయి. మొత్తం జోన్ 44లోనే పెట్టేయండి, ఈపీఎస్‌జీ నంబరు (క్యూజిఐఎస్‌లో మ్యాపు పద్ధతిని ఎంచుకునే నంబరు) 32644, ఇచ్ఛాపురం దాకా వచ్చే తేడా మన పిక్సెల్ సైజు ముందు లెక్కలోకి రాదు.

ఎంతసేపు: మీ ఊరి పిక్సెల్ మీద మంచు మొదట కనపడిన బొమ్మ టైము, ఆఖరుగా కనపడిన బొమ్మ టైము రాసుకోండి. అరగంట బొమ్మలతో రెండు వైపులా అరగంట అనుమానం ఉంటుంది. గుడ్డి గంటన్నరకి రెండు వైపులా మంచు ఉంటే మధ్యలో కూడా ఉన్నట్టే తీసుకోవచ్చు, ఒక్క వైపే ఉంటే నేల మీద మెసేజ్‌ని అడగండి.

మందం: తేడా ఎక్కువుంటే మందం ఎక్కువ అని ఒక మాట ఉంది. కొంతవరకే నిజం, చుక్క సైజు మారితే మారిపోతుంది, ఒక మందం దాటాక ఇక పెరగదు. నాకు నమ్మకమైన పద్ధతి కొండల్ని కొలబద్దగా వాడడం. 7:30, 8 గంటల విజిబుల్ బొమ్మలో మంచు అంచు కొండ వాలుకి ఎక్కడ తగిలిందో గీసి, ఆ గీత మీద ఎస్‌ఆర్‌టీఎం ఎత్తు చదవండి. అదే మంచు నెత్తి ఎత్తు. అందులోంచి లోయ అడుగు ఎత్తు తీసేస్తే మందం. నిటారు వాలు మీద ఒక పిక్సెల్ జరిగితే వంద మీటర్లు మారిపోతుంది కాబట్టి వాలు తక్కువున్న చోట్లు పది పదిహేను తీసుకుని మధ్య విలువ పట్టుకోండి. మహేంద్రగిరి 1501 మీటర్లు, అది మునిగే మంచు ఉండదు, అది కూడా కనపడట్లేదంటే మీరు చూస్తున్నది మబ్బు.

మళ్ళీ మళ్ళీ అడిగేవి ఇంకో రెండు

రెడీమేడ్ ఫాగ్ మ్యాపు లేదా? ఉంది, మోస్‌డాక్‌లో లెవెల్ 2 (వాళ్ళే లెక్క కట్టి తయారుచేసిన ఫైళ్ళు) కింద ఫాగ్ అనే ప్రాడక్ట్ ఉంది, వాడండి. కానీ అది దేశమంతటికీ ఒకే కత్తెరతో కత్తిరించింది, ఉత్తరాదిన గంగా మైదానం మీద వందల కిలోమీటర్లు పరుచుకునే మంచు దగ్గర బాగా పనిచేస్తుంది, మన నాలుగు పిక్సెళ్ళ లోయ మంచు తప్పిపోవచ్చు. మీ సొంత మ్యాపుతో పక్కపక్కన పెట్టి 8వ స్టెప్పు మార్కులు రెండిటికీ వేయండి.

రేపు మంచు పడుతుందా చెప్పొచ్చా? ఇందాకటి బొమ్మ ఇందాకటి సంగతే చెప్తుంది. రాత్రి 11 గంటలకి తేటగా ఉన్న ఆకాశం, పడిపోయిన గాలి, తడి నేల చూసి అవకాశం ఉందనొచ్చు, అంతకు మించి వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. తెల్లవారుజామున 4కి బండి తీయాల్సిన వాళ్ళైతే 2230 బొమ్మ వచ్చేదాకా ఆగకుండా, 2100, 2130, 2200 బొమ్మల్లో మచ్చ పెరుగుతోందా తరుగుతోందా చూసుకుని, పెరుగుతుంటే మీ దారిలో ఉన్న ఊళ్ళో డాబా ఉన్నవాళ్ళకి ఒక ఫోన్ కొట్టండి.